బల్లార్‌పూర్ ఎండలకు ఊరు మారాలా, ఇల్లు మారాలా?

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బల్లార్‌పూర్‌లో ఉద్యోగం చేస్తున్నానని, ఇంట్లో భార్య, ఏడాది నిండిన పాప, అరవై అయిదేళ్ల తల్లి ఉన్నారని, ఈ మే నెల చూశాక ఇక్కడ ఉండటం మంచిది కాదనిపించి విశాఖపట్నానికో హైదరాబాదుకో బదిలీ అడగాలనుకుంటున్నానని, ఏం చేయమంటారని మీరు అడిగారు. ఎండ ఒక్కటే కారణమైతే ఊరు మారవద్దు, ఇల్లు మారండి అన్నది నా సలహా. అయితే దానికంటే ముందు ఒక మాట. మీ ప్రశ్న నిండా చంద్రపూర్ ఉష్ణోగ్రతలే ఉన్నాయి గానీ, పొద్దున పదకొండు నుంచి సాయంత్రం అయిదు దాకా మీ ఇంట్లో ఎవరుంటారు, ఏ గదిలో ఉంటారు అన్నది ఎక్కడా లేదు. ఇలాంటి ప్రశ్నలు అడిగేది ఎక్కువగా మగవాళ్లే, ఆ వేళకు వాళ్లు ఉండేదేమో ఏసీ ఉన్న ఆఫీసులోనే అని నా గట్టి అభిప్రాయం.

నేను పుట్టింది కాగజ్‌నగర్‌లో, ఉద్యోగం ఇక్కడ. రైలెక్కితే పొద్దుటి కాఫీ అక్కడ, మధ్యాహ్నం భోజనం ఇక్కడ అన్నంత దగ్గర. వార్ధా నది దాటితే వచ్చే రాజురా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది. కాబట్టి ఈ ఎండ మాకు పరాయి ఎండ కాదు. అయినా 2019 మే నెలాఖరులో చంద్రపూర్‌లో 47 డిగ్రీలు దాటి, ప్రపంచంలోని వేడి ఊళ్ల జాబితాల్లో పేరు వచ్చినప్పుడు, పదేళ్లుగా పలకరించని బంధువులు కూడా ఫోన్ చేసి మేము బతికే ఉన్నామా అని అడిగారు. ఈ ప్రాంతం అటు అరేబియా సముద్రానికీ ఇటు బంగాళాఖాతానికీ దూరం, ఎత్తు చూస్తే సముద్రమట్టానికి 190 మీటర్లే, వాయవ్యం నుంచి పొడిగాలి వస్తుంది, ఎండను ఆపే మబ్బు ఉండదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అన్న రోజులనే ఇక్కడి మరాఠీవాళ్లు నవతపా అంటారు, ఆ తొమ్మిది రోజులూ పెళ్లిళ్లు పెట్టుకుని మనల్ని పిలిచేవాళ్లను మాత్రం ఏ భాషలోనూ క్షమించలేం.

అయితే పేపర్లో వచ్చే ఆ అంకె, నీడలో, తెల్లరంగు వేసి గాలి ఆడేలా పలకలు అమర్చిన పెట్టెలో పెట్టిన ఉష్ణమాపకం చెప్పేది. రోజంతా ఎండ తాగిన స్లాబు కింద, తలుపులు మూసిన గదిలో ఎంత వేడి ఉందో అది చెప్పదు. మా ఇంట్లో జరిగినదాంతో ఈ తేడా నాకు బాగా తెలిసింది.

అప్పట్లో మేము రెండో అంతస్తులో అద్దెకు ఉండేవాళ్లం. పైన స్లాబు, దాని మీద నల్లటి నీళ్ల ట్యాంకు, పడమటి గోడకు ఏ అడ్డూ లేదు. మరుగుదొడ్డి కింద, మెట్ల పక్కన, మరో కుటుంబంతో కలిపి. మా ఆవిడ పాఠశాలలో పని చేసేది, వేసవి శిక్షణ అని ఆ వారం ఆమెను కూడా పిలిచారు. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ వంటగది గచ్చు మీద తడి చీర పరుచుకుని, తడిపిన గోనెసంచి మీద కాళ్లు పెట్టుకుని పడుకుని ఉంది. ఫ్యాన్ ఆగి ఉంది. కరెంటు పోయిందేమోనని స్విచ్ వేయబోతే, కళ్లు తెరవకుండానే, "వద్దు బిడ్డా, గా గాలి అగ్గి లెక్క కొడుతాంది, బంద్ చెయ్యి" అంది. మాట ముద్దగా వచ్చింది. పొద్దున నేను నింపి పెట్టిన నీళ్ల బిందె నింపినట్టే ఉంది. ఎందుకు తాగలేదని అడిగితే, తాగితే మాటిమాటికీ ఆ మెట్లు దిగి ఎక్కాలి కదా అంది. ఎదురింటి ఆజీ, అంటే మరాఠీ అవ్వ, అప్పటికే పచ్చిమామిడికాయ పన్హా గ్లాసుతో గుమ్మంలో నిలబడి, తల మీద తడిగుడ్డ వేయమని నాకు మరాఠీలో, భయపడొద్దని అమ్మకు తనకొచ్చిన తెలుగులో చెబుతూ ఉంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లాం, సెలైన్ ఎక్కించారు, రాత్రికి తేరుకుంది.

ఆ రాత్రి డాక్టరుగారు చెప్పిన మూడు మాటలు మీ అమ్మగారి విషయంలో కూడా పనికి వస్తాయి. వయసు మీదపడినవారికి ఒంట్లో నీరు తగ్గినా దాహం సరిగా తెలియదు, కాబట్టి దాహమైతే తాగుతుందిలే అని వదిలేయకూడదు. రక్తపోటుకు ఇచ్చే మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి, వేసవికి ముందే ఆ మాత్రల చీటీ ఒకసారి డాక్టరుకు చూపించాలి, మనంతట మనం ఆపేయకూడదు. గదిలో వేడి 40 డిగ్రీలు దాటాక ఫ్యాన్ మంచి కన్నా చెడు ఎక్కువ చేస్తుంది, ఒంటికంటే వేడిగా ఉన్న గాలిని ఒంటి మీదికి తోయడమే దాని పని అవుతుంది. ఈ చివరి మాట ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల్లో కూడా ఉంది. బడికి వెళ్లని మా అమ్మకు అది ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

తర్వాత ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకుంటే, ఊరు వదిలేయాలన్న మాటే ముందు వచ్చింది. మా చెల్లెలిని విశాఖపట్నం ఇచ్చాం. సముద్రం పక్కన ఉన్నాం, ఇక్కడ 36 డిగ్రీలు దాటితే గొప్ప, అమ్మను పంపండి, మీరూ వచ్చేయండి అని వాళ్లు ఒత్తిడి చేశారు. మరుసటి వేసవికి అమ్మ వెళ్లింది, నెల తిరగకుండానే వచ్చేసింది. అక్కడ చెమట ఆరదు, రాత్రి కూడా ఆరదు, కట్టుకున్న చీర ఒంటికి అంటుకునే ఉంటుంది అన్నది ఆమె ఫిర్యాదు. ఇది చాదస్తం కాదు, దీని వెనక లెక్క ఉంది. మన ఒళ్లు చల్లబడేది చెమట ఆవిరి కావడం వల్ల. గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరి కాదు. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం ఎంత చూపిస్తుందో దాన్నిబట్టి ఈ ఇబ్బందిని కొలుస్తారు, ఆ అంకె ఎంత పెరిగితే చెమటతో ఒళ్లు చల్లబడటం అంత కష్టం. ఇక్కడ మే మధ్యాహ్నం 46 డిగ్రీల వేడి, 15 శాతం తేమ ఉంటే ఆ తడిగుడ్డ ఉష్ణమాపకం 24, 25 డిగ్రీల దగ్గర ఆగుతుంది. తీరంలో 35 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉంటే అది 29 దాకా పోతుంది. అంటే నీడా నీళ్లూ ఉంటే ఇక్కడి ఎండ నుంచి ఒంటిని కాపాడుకునే దారి ఎక్కువ ఉంది. ఇది తీరవాసులు ఒప్పుకోరు. పైగా మన ఎండను వెక్కిరించే మా బావగారు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వాళ్ల ఊరి మీదే తీరం దాటిన సంగతిని మాత్రం వాతావరణం లెక్కలోకి తీసుకోరు.

హైదరాబాదు సంగతి కొంత వేరు. ఆ ఊరు సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఎత్తు పెరిగేకొద్దీ వేడి తగ్గుతుంది కాబట్టి ఆ ఒక్క కారణం వల్లనే ఇక్కడికీ అక్కడికీ రెండు డిగ్రీల తేడా వస్తుంది, మిగతా కారణాలు కలిపి మే నెల పగటి వేడిలో మూడు నాలుగు డిగ్రీలు తక్కువ ఉంటుంది. కానీ మీ జీతానికి అక్కడ దొరికేది ఏ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లోనో పై అంతస్తు ఫ్లాటే అయితే, ఊరి వల్ల తగ్గిన ఆ నాలుగు డిగ్రీలనూ స్లాబు మళ్లీ మీ నెత్తిన పెడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో పైకప్పులు చల్లబరిచే విధానం ఒకటి ప్రత్యేకంగా ప్రకటించవలసి వచ్చిందంటే హైదరాబాదు మేడలు ఎంత చల్లగా ఉన్నాయో మీరే ఆలోచించండి.

మేము చివరికి ఊళ్లోనే మూడు వీధుల అవతలికి మారాం. పాత ఇల్లు, కింది భాగం మాది, పైన ఇంటివాళ్లు ఉంటారు. పడమటి వైపు వేపచెట్టు, ముందు పెంకుల వసారా, మరుగుదొడ్డి ఇంటిలోపలే. అమ్మ ఇప్పుడు నీళ్లు తాగుతుంది, నా దృష్టిలో ఆ ఇంటి అద్దెలో సగం దానికే. స్లాబు పగలంతా వేడిని పీల్చుకుని, సరిగ్గా మనం ఇంటికి చేరే వేళకు గదిలోకి వదలడం మొదలుపెడుతుంది, అందుకే పై అంతస్తులో రాత్రి పదింటికి కూడా గోడలు వెచ్చగా ఉంటాయి. ఇప్పుడు ఆ బాధ మా పైన ఉండే ఇంటాయనది, ఆయన ప్రతి మార్చిలో మేడ మీద సున్నం వేయిస్తాడు, అందులో కొంత స్వార్థం ఉంది కాబట్టే పని నికరంగా జరుగుతుంది. పాత ఇంటి యజమానిని అదే సున్నం వేయించమని, ఖర్చు నేనే పెట్టుకుంటానని అడిగితే, మేడ అందం పోతుందన్నాడు. మేడ అందాన్ని చూసేది కాకులే కదా అని నేను అనలేదు, అనవలసింది. మన బిల్డర్లు గాజు పలకలు, నల్ల గ్రానైటు తెచ్చి ముందు గోడకు అతికిస్తారు గానీ, కిటికీ మీద రెండడుగుల సజ్జా వేయమంటే సిమెంటు దండగ అంటారు.

కూలర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు దాన్ని కొని లాభం లేదని రాశారు. మనం ఉన్న ఈ విదర్భ ప్రాంతంలో కూలర్ పని చేయకపోవడం అంటూ ఉండదు, పెట్టే చోటు తప్పయి ఉంటుంది. అది కిటికీ బయట ఉండి, బయటి పొడిగాలిని తడి గడ్డి గుండా లోపలికి లాగాలి, లోపలికి వచ్చిన గాలి పోవడానికి ఎదురు కిటికీ తెరిచి ఉండాలి. గది మధ్యలో పెట్టి తలుపులన్నీ బిగిస్తే, అది అదే గాలిని తడిపి తడిపి కాసేపటికే మీ పడకగదిని విశాఖపట్నం చేస్తుంది. జూన్‌లో వానలకు ముందు, ఎండ తగ్గక, తేమ పెరిగే ఆ పది పదిహేను రోజులు మాత్రం కూలర్ నిజంగానే చేతులెత్తేస్తుంది, ఇక్కడి ఏడాది మొత్తంలో నాకు భరించరానివి ఆ రోజులే. ఆ తర్వాత దాన్ని ఖాళీ చేసి ఎండబెట్టకుండా వదిలేస్తే డెంగీ దోమలు అందులోనే గుడ్లు పెడతాయి, పసిపాప ఉన్న ఇల్లు కాబట్టి ఇది మరచిపోకండి.

ఇంతవరకు ఎండ సంగతి. మీ ప్రశ్న చివర, పాపకు చలికాలంలో పిల్లికూతలు వస్తున్నాయని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నాకు అసలు ప్రశ్న అదే అనిపించింది. ఈ జిల్లాలో బొగ్గు గనులు, థర్మల్ విద్యుత్ కేంద్రం, సిమెంటు ఫ్యాక్టరీలు, కాగితం మిల్లు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే, చంద్రపూర్‌కు 83.88 వచ్చి తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో నాలుగో స్థానంలో నిలిచింది. చలికాలంలో గాలి కదలదు, నేలకు దగ్గరగా చల్లగాలి నిలిచిపోయి పొగా దుమ్మూ పైకి పోవు, పిల్లల దగ్గులు అప్పుడే పెరుగుతాయి. ఎండకు వేపచెట్టు ఉంది, సున్నం ఉంది, అంబలి ఉంది. బొగ్గు దుమ్ముకు మన చేతిలో ఉన్న ఉపాయం దూరంగా జరగడం ఒక్కటే. పిల్లల డాక్టరు పాపను పరీక్షించి ఉబ్బసం లక్షణాలని తేలిస్తే, ఎండ మాట ఎత్తకుండా ఆ కారణం మీదనే బదిలీకి దరఖాస్తు పెట్టండి, అప్పుడు ఇదే బల్లార్‌పూర్‌లో ఇంకో ఇల్లు చూడమని నేను అనను.

అది కాదని తేలితే, మీ అమ్మగారినీ భార్యనూ ఒక వారం పాటు గమనించండి. వాళ్లు మధ్యాహ్నం ఏ గదిలోకి జరుగుతున్నారు, వంట ఎన్ని గంటలకు ముగిస్తున్నారు, నీళ్లు ఎంత తాగుతున్నారు, రాత్రి నిద్ర పడుతోందా అన్నవి చూసి, మారాలా వద్దా అన్నది వాళ్లనే చెప్పమనండి. మీ ఆఫీసులో సహోద్యోగుల అభిప్రాయం అడగవద్దు, వాళ్లూ మీరూ ఒకే ఏసీ కింద కూర్చుంటున్నారు.

కొత్త ఇల్లు చూడాలనుకుంటే జూలైలో, వాన చల్లదనంలో, పొద్దుటిపూట వెళ్లకండి, అప్పుడు ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది. మే నెలలో, సాయంత్రం అయిదు దాటాక, అమ్మగారిని వెంటపెట్టుకుని వెళ్లండి. పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, కుళాయి విప్పి ట్యాంకు నీళ్లు ఎంత వేడిగా వస్తున్నాయో చూడండి, కూలర్ పెట్టే కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీ ఉందో లేదో, మరుగుదొడ్డికి ఎన్ని మెట్లో చూడండి. మేడకు సున్నం వేయిస్తానని ఇంటాయన ఒప్పుకుంటే, ఆ మాట అద్దె కాగితంలో రాయించుకోండి.