వాక్యం ఉండగా కథలెందుకు? డయాలిసిస్ గదిలో నేను చదివిన పుస్తకాలు

సహోదరికి వందనాలు.

నాన్నగారు పోయిన ఈ ఆరు నెలలుగా బైబిలు తెరిచినా మనసు నిలవడం లేదని, ఆదరణ కోసం క్రైస్తవ నవలలూ విశ్వాసుల జీవిత చరిత్రలూ చదవాలనుకుంటే ప్రార్థన కూటంలో ఒక పెద్దాయన "వాక్యం ఉండగా కట్టుకథలెందుకమ్మా" అన్నారని మీరు రాశారు. చదవడం తప్పా, చదివితే దేనితో మొదలుపెట్టాలి, అమ్మగారికి ఏ పుస్తకం ఇవ్వాలి అని అడిగారు. నేను వేదాంతం చదువుకున్నదాన్ని కాను. ఒంగోలులో ప్రాథమిక పాఠశాలలో పనిచేసి రిటైరైన టీచరును. రెండు కిడ్నీలూ పాడైపోయి మావారు మూడేళ్లు డయాలిసిస్ మీద బతికారు. మంగళ, గురు, శనివారాలు, ఒక్కొక్కసారి నాలుగేసి గంటలు నేను ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. ఎడమ చేతికి రెండు సూదులుంటాయి కాబట్టి ఆయన పుస్తకం పట్టుకోలేరు. అందుకని నేనే గొంతు తగ్గించి చదివి వినిపించేదాన్ని. నాకు తెలిసిందంతా ఆ గదిలో తెలిసిందే.

ముందుగా ఒక హెచ్చరిక చెప్పాలి. మొదటి ఏడాది మా బంధువు ఒకరు ప్రేమతోనే ఒక సాక్ష్యాల పుస్తకం తెచ్చి ఇచ్చారు. అందులో ప్రతి అధ్యాయమూ ఒకే తీరులో నడుస్తుంది: జబ్బు, కన్నీళ్లు, ప్రార్థన, స్వస్థత, రిపోర్టు చూసి డాక్టరు నివ్వెరపోవడం. మావారు రెండు రాత్రుల్లో దాన్ని చదివేసి, ఆ గురువారం ఉదయం "ఈ రోజు ఆసుపత్రికి వద్దు, విశ్వాసంతో ఉందాం" అన్నారు. నేను గట్టిగా కాదనలేకపోయాను, ఆ తప్పు నాది. శుక్రవారం రాత్రికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పడుకోలేక, కుర్చీలో కూర్చుని ముందు దిండ్లు పెట్టుకుని ఒగర్చారు. అంబులెన్సులో తీసుకెళ్లి రాత్రికి రాత్రే డయాలిసిస్ చేయించాం. ప్రాణం దక్కింది గానీ, మర్నాడు ఆయన నన్ను అడిగిన మాట మాత్రం నన్ను చాలాకాలం వదలలేదు: "ఆ పుస్తకంలో వాళ్లందరికీ జరిగింది కదా, నా విశ్వాసంలోనే ఏదో లోపం ఉందంటావా?" దేవుడు స్వస్థపరచడని నేను అనడం లేదు. బాగుపడినవారి మాటలు మాత్రమే ఏరి కట్టిన పుస్తకం బాగుపడనివాడి చేతిలో పడితే ఏం చేస్తుందో చూశాను కాబట్టి చెబుతున్నాను. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం కూడా సింహాల నోళ్లు మూయించినవారితో ఆగిపోదు. రంపాలతో కోయబడినవారిని కూడా అదే వరుసలో, అదే విశ్వాసం పేరు మీద చెబుతుంది.

ఆ తరువాత పాత ట్రంకు పెట్టెలో నుంచి మా నాన్నగారి 'యాత్రికుని ప్రయాణము' తీశాను. ఆదివారం బడిలో బొమ్మల కోసం తిరగేసిన పుస్తకమే. దాన్ని రాసిన జాన్ బన్యన్ అనుమతి లేకుండా బోధించాడన్న నేరానికి 1660 నుంచి 1672 దాకా బెడ్‌ఫర్డ్ జైలులో ఉన్నాడని, అంధురాలైన కూతురు బయట ఉండగా లోపల బూటు లేసులు కట్టి కుటుంబానికి నాలుగు డబ్బులు పంపేవాడని ఆ వయసులో తెలియదు, తెలిసినా పట్టదు. 1678లో అచ్చయిన ఆ కథలో క్రైస్తవుడూ అతని తోటి యాత్రికుడూ దారి తప్పి, నిరాశ అనే రాక్షసుడి కోటలో బందీలవుతారు. బుధవారం ఉదయం నుంచి శనివారం రాత్రి దాకా తిండీ నీళ్లూ లేవు, రోజూ దెబ్బలు. పైగా మీ అంతట మీరే చావండి అని ఆ రాక్షసుడి సలహా. అర్ధరాత్రి నుంచి ప్రార్థన చేస్తూ తెల్లవారబోతుండగా క్రైస్తవుడికి ఉన్నట్టుండి గుర్తొస్తుంది, వాగ్దానం అనే తాళంచెవి మొదటి నుంచీ తన రొమ్ము దగ్గరే ఉందని. రెండు తలుపులు సులువుగానే తెరుచుకుంటాయి. చివరి ఇనుప గేటు తాళం మాత్రం ఎంతకీ తిరగదు.

సరిగ్గా అక్కడ మిషను అలారం మోగి, ఆ రోజుకు చదవడం ఆగిపోయింది. పక్క మంచం మీద ఒక టైలరు ఉండేవారు. ఆయన క్రైస్తవుడు కాదు, అన్నాళ్లూ మాతో పెద్దగా మాట్లాడింది కూడా లేదు. తరువాతి సారి మేము వెళ్లేసరికి, సిస్టరు సూది చేతిలో పట్టుకుని నిలబడి ఉండగానే ఆయన తల ఇటు తిప్పి, "అమ్మా, ఆ గేటు వచ్చిందా, రాలేదా?" అని అడిగారు. వచ్చిందండీ, కానీ కీచుమని చప్పుడు చేసి రాక్షసుణ్ణి లేపింది అన్నాను. మావారు నవ్వారు. ఆ నెలలో ఆయన నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

మీ పెద్దాయనకు చెప్పవలసిన జవాబు నాకు ఆ గదిలోనే దొరికింది. పాపం చేసిన దావీదు రాజు దగ్గరకు వెళ్లిన నాతాను ప్రవక్త ధర్మశాస్త్రం ఎత్తలేదు. ఒక బీదవాడు, వాడి ఒక్కగానొక్క గొర్రెపిల్ల అంటూ కథ మొదలుపెట్టాడు, అది నిజమనుకుని రాజు మండిపడ్డాక "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. తప్పిపోయిన కుమారుడి ఇంటిపేరు ఏమిటని యేసును ఎవరూ అడగలేదు. అంతమాత్రాన పేరులో క్రైస్తవమున్న నవల అంతా మేలు చేస్తుందని కాదు. ఇంగ్లీషులో ఈ రకం ప్రేమకథలు కుప్పలుగా వస్తున్నాయి. కష్టం మూడో అధ్యాయంలో వచ్చి పదిహేనో అధ్యాయంలో పెళ్లితో తీరిపోతుంది. రైలు ప్రయాణానికి బాగానే ఉంటాయి. దుఃఖంలో ఉన్నవాళ్లకు అవి మిఠాయి పెట్టి బువ్వ ఎగ్గొట్టినట్టే ఉంటాయని నా అభిప్రాయం.

ఆత్మకథల్లో మాకు ఎక్కువ కాలం తోడున్నది కోరీ టెన్ బూమ్‌ది, 1971లో వచ్చిన 'ది హైడింగ్ ప్లేస్'. ఇంగ్లీషులో చదువుకుని, మావారికి తెలుగులో చెప్పేదాన్ని. హాలండులోని హార్లెం ఊళ్లో గడియారాల దుకాణం నడిపే కుటుంబం యూదులను ఇంట్లో దాచి, 1944 ఫిబ్రవరిలో పట్టుబడుతుంది. ముసలి తండ్రి పది రోజులకే చెరలో చనిపోతాడు. నాజీల రావెన్స్‌బ్రూక్ శిబిరంలో వాళ్ల బ్యారక్కు నిండా గోమార్లు. అక్క బెట్సీ ఆ గోమార్ల కోసం కూడా దేవునికి కృతజ్ఞత చెప్పాలంటుంది. ఇది మాత్రం నా వల్ల కాదంటుంది కోరీ. ఆ గోమార్ల భయానికే కాపలావాళ్లు లోపలికి అడుగు పెట్టడం లేదని, అందుకే తాము నిశ్చింతగా బైబిలు చదువుకోగలుగుతున్నామని తరువాత తెలుస్తుంది. పుస్తకం ఇంతటితో అయిపోయి ఉంటే నేను దాన్ని కూడా పెట్టెలో పడేసేదాన్ని. బెట్సీ ఆ డిసెంబరులో అక్కడే చనిపోయింది. కొద్ది రోజులకు కాగితాల్లో జరిగిన పొరపాటు వల్ల కోరీ విడుదలైంది. ఇద్దరిలో ఎక్కువ విశ్వాసం గలది అక్కేనని చెల్లెలే రాసింది. అది విని మావారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తన విశ్వాసంలో లోపం గురించి ఆ తరువాత ఆయన నన్నెప్పుడూ అడగలేదు.

మా ఊరి పుస్తకం ఒకటి కూడా చెప్పాలి. ఒంగోలువాళ్లం అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి పేరు వింటూ పెరిగాం, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మాకు ఎక్కాల పుస్తకమంత కంఠతా. ఆయన పోయిన తరువాత 1914లో భార్య ఎమ్మా అచ్చు వేయించిన ఆత్మకథ 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' చదివితే, ఆ సంఖ్యకు ముందున్న 1876-78 కరువు కనిపిస్తుంది. ఆకలిగొన్న జనానికి కూలి దొరకాలని ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. తిండి కోసం మతంలో చేరుతున్నారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. మా నాయనమ్మ తాతగారు ఆ కాలువ మట్టి మోశారని మా ఇంట్లో చెప్పుకునేవారు. సంఖ్యలు చెప్పే ప్రసంగాలు ఎన్నో విన్నాను గానీ, మట్టి తట్ట గుర్తొచ్చింది ఆ పుస్తకంలోనే. కాపీహక్కులు తీరిపోయిన పుస్తకం కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది.

మావారు రెండేళ్ల కిందట వెళ్లిపోయారు. నేను అడిగింది జరగలేదు. మొదటి మూడు నెలలు నాకూ మీలాగే వాక్యం మీద మనసు నిలవలేదు. అప్పుడు ఒక పూర్వ విద్యార్థి, 1960లో భార్య క్యాన్సరుతో పోయాక సి.ఎస్. లూయిస్ రాసుకుని మరుసటి ఏడాది మారుపేరుతో అచ్చు వేయించిన 'ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్' అనే చిన్న పుస్తకం పంపాడు. అవసరమై వెళ్లినవాడి ముఖం మీదే దేవుడు తలుపు మూసి లోపల గడియ పెట్టుకున్నట్టుందని ఆయన అందులో రాసుకున్నాడు. అంత పేరున్న విశ్వాసి అలా రాశాడని తెలిశాక నేను మొదటిసారి ఏడ్చాను, ఏడ్చాక 88వ కీర్తన తెరిచాను. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగిసే ఆ కీర్తన ఎన్నేళ్లుగానో నా బైబిల్లోనే ఉంది, నేనే దాన్ని దాటేసి పోయేదాన్ని. కాబట్టి ఈ పుస్తకాలు వాక్యానికి అడ్డం వస్తాయన్న భయం నాకు లేదు. నన్ను తిరిగి అక్కడికి తీసుకెళ్లినవి ఇవే.

మీరు దేనితో మొదలుపెట్టాలంటే, ఇంగ్లీషు ఇబ్బంది లేకపోతే లూయిస్ పుస్తకంతోనే మొదలుపెట్టండి. రోజుకు నాలుగు పేజీలు మించవద్దు. మరీ భారమనిపిస్తే పక్కన పెట్టి, 1907లో పండిత రమాబాయి రాసిన సాక్ష్యం చదవండి, చిన్నది. కరువులో తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఆమె, బాప్తిస్మం తీసుకున్న ఎన్నో ఏళ్లకు గానీ తాను వెతికినది తనకు దొరకలేదని దాచకుండా చెబుతుంది. నవలే కావాలనుకుంటే మరిలిన్ రాబిన్సన్ 2004లో రాసిన 'గిలియడ్' ఉంది. గుండె జబ్బుతో ఉన్న వృద్ధ పాస్టరు తన ఏడేళ్ల కొడుక్కి రాసిపెట్టే ఉత్తరం అది. నాన్నగారిని పోగొట్టుకున్నారు కాబట్టి అది మిమ్మల్ని గట్టిగానే తాకుతుంది. ఇప్పుడే వద్దు, సంవత్సరీకం దాటాక చదవండి.

అమ్మగారికి పుస్తకం ఇచ్చి వచ్చేయకండి. ఆ వయసులో, ఆ బాధలో, కొత్త పుస్తకం దిండు పక్కనే ఉండిపోతుంది. సాయంత్రం దీపాలు పెట్టాక పక్కన కూర్చుని, 'యాత్రికుని ప్రయాణము' నుంచి రెండు పేజీలు పైకి చదవండి, చాలు. మా టైలరుగారి మాదిరిగా, కథను గేటు దగ్గర ఆపితే రేపు ఆవిడే అడుగుతారు. ఒకవేళ తనే చదువుకుంటానంటే, ముందు కళ్లజోడు పవరు ఒకసారి పరీక్ష చేయించండి. మా అత్తగారు దేవుడి మాట రుచించడం లేదని నెల రోజులు బాధపడ్డారు, తీరా చూస్తే కంట్లో శుక్లం.