లిస్టులో పేరు రాకపోతే అర్హత లేనట్టేనా?

ప్రశ్న: మా అన్న హత్య కేసులో 2011 మార్చిలో అరెస్టయ్యాడు. బెయిల్ రాలేదు. 2013 నవంబరులో జీవిత ఖైదు పడింది. ఇప్పుడు కడప సెంట్రల్ జైల్లో ఉన్నాడు. ముందస్తు విడుదలకు అర్హులైనవాళ్ల లిస్టు ఇప్పుడు కంప్యూటర్లోనే తీస్తున్నారని, అందులో తన పేరు రాలేదని ములాఖత్‌లో చెప్పాడు. ఇంక ఆశ వదులుకోవాల్సిందేనా? – ఒక చెల్లెలు, ప్రొద్దుటూరు

జవాబు: వదులుకోవద్దమ్మా. జైళ్లలో వాడే ఈ-ప్రిజన్స్ సాఫ్ట్‌వేర్ తనకిచ్చిన తేదీలనే లెక్క కడుతుంది. ఎక్కించడంలో తప్పు జరిగితే లిస్టూ తప్పే వస్తుంది.

ముందు రిమాండ్ కాలం చూడండి. హత్య కేసులో జీవిత ఖైదు పడ్డవాళ్లు ముందస్తు విడుదలకు అర్హులు కావాలంటే కనీసం 14 ఏళ్లు జైల్లో ఉండాలి. తీర్పుకు ముందు రిమాండ్‌లో గడిపిన రోజులూ అందులో కలుస్తాయి. మీ అన్నకు అది దాదాపు 2 ఏళ్ల 8 నెలలు. కలిపితే 2025 మార్చికే 14 ఏళ్లు నిండాయి, కలపకపోతే 2027 నవంబరు దాకా ఆగాలి. మొదట సబ్‌జైల్లో ఉండి తర్వాత సెంట్రల్ జైలుకు మారినవాళ్ల విషయంలో ఇది తప్పకుండా సరిచూడాలి. సత్ప్రవర్తనకు ఇచ్చే రెమిషన్ (శిక్ష తగ్గింపు) మాత్రం ఈ 14 ఏళ్లలో కలవదు. పెరోల్ మీద ఇంట్లో ఉన్న రోజులూ లెక్కకు రావని 2023లో గోవా ఖైదీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

సూపరింటెండెంట్ పేరున అర్జీ పెట్టి ఎప్పటినుంచి ఎన్ని రోజులు లోపల ఉన్నాడో చూపే కస్టడీ సర్టిఫికెట్ అడగండి. అరెస్టు తేదీని రిమాండ్ రిపోర్టుతో, తీర్పు కాపీతో పోల్చండి. తేడా ఉంటే ఆ కాపీలు జతచేసి రాతపూర్వకంగా దిద్దమనండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. కడప కోర్టుల దగ్గరున్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఖైదీల తరఫున లాయర్‌ను ఉచితంగా ఇస్తారు. డబ్బు గురించి టెన్షన్ పడకండి.

2025 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ఒక గొప్ప మాట చెప్పింది. ముందస్తు విడుదలకు ప్రభుత్వ పాలసీ ఉన్నచోట అర్హత వచ్చిన ప్రతి ఖైదీ విషయాన్నీ ప్రభుత్వమే తనంతట తాను పరిశీలించాలి, దరఖాస్తు పెట్టలేదని పక్కన పెట్టకూడదు. అయినా మీరు దరఖాస్తు పెట్టండి. తప్పుడు తేదీ వల్ల ఒక మనిషి అదనంగా ఒక్క రోజు లోపల ఉన్నా అది అన్యాయమే.

ఒకటి మాత్రం నిజం చెప్పాలి. 14 ఏళ్లు నిండితే దక్కేది పరిశీలించమని అడిగే హక్కే, విడుదల హక్కు కాదు. కొన్ని రకాల నేరాలను పాలసీలోనే మినహాయిస్తారు. శిక్ష పడ్డనాటి పాలసీ వర్తిస్తుంది, తర్వాత వచ్చింది ఖైదీకి ఇంకా మేలైతే దాన్నీ అడగొచ్చు. తిరస్కరిస్తే కారణాలు రాసి ఆ ఉత్తర్వు మీ అన్న చేతికివ్వాలి. కారణం లేకుండా తోసిపుచ్చితే హైకోర్టులో రిట్ వేయొచ్చు.