కర్ర తరిమెన పట్టాలనుకుంటున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోనులో నీవు లేత్, అంటే కర్రను తిప్పుతూ చెక్కే తరిమెన యంత్రం, కొంటానని చెబుతుంటే పక్కనుంచి మీ నాన్న నవ్వడం నాకు వినిపించింది. వాడి నవ్వును పట్టించుకోకు. మా చిన్నతనంలో మంచంకోళ్లను, ఉయ్యాల కమ్మీలను తరిమెన పట్టే వడ్రంగి ముందు నాకంటే ఎక్కువసేపు కూర్చున్నది వాడే. నీవు అడిగిన ప్రశ్నలకు ఫోనులో సరిగా జవాబు చెప్పలేకపోయాను కనుక, తీరికగా రాస్తున్నాను.

ముందుగా నా పొరపాటు చెప్పాలి. బాలానగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఇనుము లేత్ మీద పనిచేసినవాణ్ణి కాబట్టి, రిటైరయ్యాక కర్ర పని నాకు ఆటలాంటిదని అనుకున్నాను. ఇనుము లేత్‌లో పనిముట్టును యంత్రమే బిగించి పట్టుకుంటుంది, మనం చక్రం తిప్పి దాన్ని నడిపిస్తాం. కర్ర లేత్‌లో అలా పట్టుకునేది ఏదీ ఉండదు, టూల్‌రెస్ట్ మీద ఆనించిన ఉలిని మన రెండు చేతులే పట్టుకోవాలి. ఆ తేడా తెలియక మొదటి వారంలోనే ఎనిమిది అంగుళాల వేప దుంగను బిగించి గిన్నె చేయబోయాను. ఉలి అంచు కర్రలో దిగబడిపోయి, దుంగ దాన్ని దవడలతో పట్టుకునే చక్‌లోంచి ఊడి, షెడ్డులోని ట్యూబ్‌లైటును పగలగొట్టి గోడ దగ్గర పడింది. ముఖానికి పూర్తి షీల్డు పెట్టుకోకపోయి ఉంటే ఈ ఉత్తరం మరోలా ఉండేది. అందుకే నీకు నేను చెప్పదలచిన అసలు మాట ఒక్కటే: మొదటి ఆరు నెలలు గిన్నెల జోలికి పోకుండా, రెండు కొనల మధ్య బిగించే సన్నని కర్రల మీద పనిచేస్తూ సాన పట్టడం నేర్చుకో.

సాన సంగతే ముందు చెబుతాను, ఎందుకంటే కొత్తవాళ్లు యంత్రాన్ని ఎంచుకోవడానికి నెలలు తీసుకుంటారు కాని సాన రాయిని ఎవరూ పట్టించుకోరు. టేకులో సహజంగానే ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది, అది ఉలి పదునును కొద్ది నిమిషాల్లోనే తినేస్తుంది. మొద్దుబారిన ఉలిని మనం తెలియకుండానే బలంగా నెడతాం, ప్రమాదాలు చాలావరకు అక్కడే మొదలవుతాయి. నిమిషానికి సుమారు 1440 చుట్లు తిరిగే ఎనిమిది అంగుళాల బెంచ్ గ్రైండర్, దానికి తెల్లని అల్యూమినియం ఆక్సైడ్ రాయి, ఉలిని ఒకే కోణంలో నిలిపే జిగ్ ఉంటే చాలు. ఉలులు హైస్పీడ్ స్టీలువే తీసుకో. మామూలు కార్బన్ ఉక్కు రాయి మీద నీలిరంగు తిరిగిందంటే ఆ భాగం గట్టిదనం పోయినట్టే, హైస్పీడ్ స్టీలు ఆ వేడికి చెక్కుచెదరదు.

ఒక చిన్న కిటుకు ఉంది. సాన పట్టే ముందు ఉలి ఏటవాలు భాగం మీద నల్ల మార్కర్‌తో రంగు పూసి, గ్రైండర్ స్విచ్ వేయకుండా రాయిని చేత్తో ఒక చుట్టు తిప్పి చూడు. రంగు అంచు దగ్గర మాత్రమే చెరిగితే కోణం నిటారుగా ఉన్నట్టు, వెనుక మడమ దగ్గర మాత్రమే చెరిగితే కోణం పలుచనైనట్టు, ఆ చివర నుంచి ఈ చివర వరకు సమానంగా చెరిగితే జిగ్ సరిగా కుదిరినట్టు. గౌజ్ అంటే అంచు గాడిలా ఉండే ఉలి. నా దగ్గర సన్నని కర్రలకు వాడే స్పిండిల్ గౌజ్‌కు 40 డిగ్రీలు, గిన్నెలకు వాడే బౌల్ గౌజ్‌కు 55 డిగ్రీలు పెట్టుకున్నాను.

ఇక యంత్రం. ఫ్లాటులో ఉంటున్నావు కాబట్టి బల్ల మీద కూర్చునే చిన్న లేత్ సరిపోతుంది. పది అంగుళాల వ్యాసం పట్టేది, రెండు కొనల మధ్య పదిహేను పదహారు అంగుళాల దూరం ఉండేది, అరగుర్రం నుంచి ముప్పావు గుర్రం శక్తి మోటారు, వేగాన్ని మార్చుకునే వీలు ఉన్నది చూడు. మోటారు తిప్పే కొన హెడ్‌స్టాక్, కర్ర రెండో చివరను ఆనించి పట్టే కొన టెయిల్‌స్టాక్. హెడ్‌స్టాక్‌లోనూ టెయిల్‌స్టాక్‌లోనూ రెండో నంబరు మోర్స్ టేపర్, అంటే విడి భాగాలు దిగే కోసైన ప్రామాణిక రంధ్రం, ఉంటే విడి భాగాలు సులువుగా దొరుకుతాయి. రాణీగంజ్‌లో యంత్రాల దుకాణాలు వరుసగా ఉన్నాయి, నీవు ఒక్కదానివే వెళ్లకుండా నన్ను తీసుకువెళ్తే బేరం నేను చూసుకుంటాను. యంత్రం మీద మొత్తం డబ్బు పెట్టెయ్యకు, ఉలులకు, గ్రైండరుకు, నాలుగు దవడల చక్‌కు కలిపి యంత్రం ధరలో సగమైనా అవుతుంది.

మియాపూర్‌లో నీ బాల్కనీ గురించి ఆలోచించాను. యంత్రం కింద మందపాటి రబ్బరు చాప, స్టాండు అడుగు పలక మీద రెండు ఇసుక సంచులు పెడితే అదురు, శబ్దం బాగా తగ్గుతాయి. కింది ఫ్లాటువాళ్లతో ముందే మాట్లాడి, పని మధ్యాహ్నం నాలుగు గంటల తర్వాత పెట్టుకుంటే మంచిది. లేత్ మధ్యరేఖ నీ మోచేతి ఎత్తులో ఉండాలి, లేకపోతే గంటకే నడుము పట్టేస్తుంది. పని మధ్యలో కరెంటు పోయిన మరుక్షణం ఉలిని వెనక్కు తీసి స్విచ్ ఆపడం అలవాటు చేసుకో. కరెంటు తిరిగి రాగానే లేత్ తనంతట తాను తిరగడం మొదలుపెడితే ఏం జరుగుతుందో నీకు వివరించనక్కర్లేదు. కరెంటు పోతే దానంతట అదే ఆగిపోయి, మళ్లీ నొక్కితేనే మొదలయ్యే స్విచ్ పెట్టించుకోవడం ఇంకా మంచిది.

నగలు, వాచీ, చున్నీ, పొడుగు చేతులు, చేతి తొడుగులు లేత్ దగ్గర ఉండకూడదు. జడను చుట్టి క్లిప్పు పెట్టి, చొక్కా లోపలికి దోపు. కళ్లజోడు చాలదు, ముఖమంతా కప్పే షీల్డు కావాలి. ముక్కుకు సన్నని ధూళిని ఆపే మాస్కు పెట్టుకో. మోటారు వేసే ముందు కర్రను చేత్తో ఒక చుట్టు తిప్పి టూల్‌రెస్ట్‌కు తగలడం లేదని చూసుకుని, కర్ర ఎగిరిపడగల దారికి పక్కగా నిలబడి స్విచ్ వెయ్యి. గరుకు కాగితం రుద్దేటప్పుడు టూల్‌రెస్ట్‌ను పూర్తిగా తీసెయ్యి, కాగితం దానిలో ఇరుక్కుంటే వేళ్లు కూడా అటే పోతాయి.

వేగానికి ఒక లెక్క ఉంది. కర్ర వ్యాసం అంగుళాల్లో ఎంతో దాన్ని నిమిషానికి చుట్ల సంఖ్యతో గుణిస్తే వచ్చే ఫలం 6000 నుంచి 9000 మధ్య ఉండాలి. ఆ ప్రకారం రెండు అంగుళాల కర్రకు 3000 చుట్లైనా తగును గాని, నీవు మొదట సగం వేగంతోనే మొదలుపెట్టు. పది అంగుళాల గిన్నె అయితే 600 నుంచి 900 మధ్యే ఉండాలి, కోయని ఎగుడుదిగుడు దుంగ అయితే ఇంకా తక్కువ.

మొదటి వస్తువుగా అప్పడాల కర్ర చెయ్యి. తర్వాత బొంగరం, పప్పుగుత్తి. ఇవి చిన్న పనులని అనుకోకు, అప్పడాల కర్రను ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే లావులో తేవడానికి నాకు పదకొండు కర్రలు పట్టాయి. వాటిలో ఐదు మీ పెద్దమ్మ పొయ్యిలోకి వెళ్లాయి. చతురస్రపు కర్రను, మొదటి మోటు చెక్కుడుకు వాడే రఫింగ్ గౌజ్‌తో గుండ్రంగా చేశాక, ఉలిని ఇలా నడపాలి: ముందు ఉలి ఒళ్లు టూల్‌రెస్ట్ మీద ఆనాలి. తర్వాత అంచు తగలకుండా ఏటవాలు భాగం మాత్రమే తిరిగే కర్ర మీద రుద్దుకోవాలి, ఆ సమయంలో ఏమీ కోయబడదు, చేతికి సన్నని వణుకు మాత్రమే తెలుస్తుంది. అప్పుడు పిడిని వెంట్రుకవాసి చొప్పున పైకెత్తుతూ పోతే ఒక చోట అంచు పట్టుకుని, ఉల్లిపొర లాంటి పొడుగాటి చెక్కపొర నీ మణికట్టు మీదుగా జారుతుంది. అంచు ఏటవాలుగా కోసి ఉండే స్క్యూ ఉలి అయితే దాని పొడుగు మొనను కర్రకు దూరంగా పైనే ఉంచి, అంచులో మధ్య నుంచి కింది భాగంతోనే కోయాలి. ఆ మొన ఒక్కసారి తగిలిందంటే కర్ర చుట్టూ మరచుట్టు లాంటి గాడి పడుతుంది.

ఈ రఫింగ్ గౌజ్‌ను గిన్నెల మీద ఎన్నడూ వాడకు. అది పిడిలోకి దిగే చోట సన్నగా ఉంటుంది, గిన్నెలో కర్ర నార అడ్డంగా తిరుగుతూ ప్రతి చుట్టులో రెండుసార్లు ఎదురుకోత వస్తుంది కాబట్టి ఆ దెబ్బకు అక్కడ విరిగిపోవచ్చు.

కర్రకు నీవు డబ్బు పెట్టనక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల గాలిదుమారాలకు కూలిన కొమ్మలను మునిసిపాలిటీ సిబ్బంది ముక్కలు చేస్తారు, అడిగి తీసుకో. నిలిచి ఉన్న చెట్టును మాత్రం, మన ఆవరణలోనిదైనా సరే, నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేకుండా కొట్టకూడదు. బోయిగూడ టింబర్ డిపోల్లో టేకు ముక్కలు దొరుకుతాయి. మొదట్లో చేతికి మెత్తగా అలవాటు కావాలంటే అంకుడు కర్రకు సాటి లేదు. ఏటికొప్పాక బొమ్మలన్నీ దానితోనే చేస్తారు, 2017లో భౌగోళిక గుర్తింపు పొందినవి అవే. అక్కడివాళ్లు తిరిగే కర్రకు లక్క కణికను ఒత్తి, రాపిడి వేడికి కరిగిన రంగును ఎండిన మొగలి ఆకుతో నునుపు చేస్తారు. నిద్రగన్నేరు కర్ర ఆరేటప్పుడు పెద్దగా పగలదు, చేవ ముదురు గోధుమరంగులో అందంగా ఉంటుంది. పేరు చూసి దాన్ని గన్నేరు అనుకోకు. అసలు గన్నేరు విషం, వంటింటి వస్తువుకు దాని పుల్ల కూడా వాడకూడదు. సామాన్ల పెట్టెల చెక్క మీద ఎంబీ అని ముద్ర ఉంటే అది విషవాయువు పట్టించినది, వదిలెయ్యి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, సాధనకు పనికొస్తుంది.

పచ్చి దుంగను ఇంటికి తెచ్చిన రోజే నడుమ ఉన్న బెండును తప్పించి రెండుగా చీల్చి, రెండు కొనలకు కరిగించిన మైనం పూయాలి. నేను ఒక మే నెలలో రేపు చూద్దామని వదిలేసిన మామిడి దుంగ తెల్లవారేసరికి చప్పుడు చేస్తూ మూడు చోట్ల పగిలింది. మన ఎండకు కొనలు త్వరగా ఆరి కుంచించుకుంటాయి, లోపల తడి అలాగే ఉంటుంది, మధ్యలో చీలక ఏం చేస్తుంది. గిన్నెకైతే పచ్చిగా ఉన్నప్పుడే వ్యాసంలో పదో వంతు మందం ఉంచి చెక్కి, కాగితపు సంచిలో పెట్టి, నెలలపాటు ఆరనిచ్చి, మళ్లీ చెక్కాలి.

పూత విషయం క్లుప్తంగా: వంటింటి వస్తువులకు మినరల్ ఆయిల్, తేనెమైనం కలిపి రుద్దితే చాలు. అవిసె నూనె వాడితే ఆ గుడ్డలను ముద్దగా పడెయ్యకు. ఆరుతున్నప్పుడు పుట్టే వేడికి అవి వాటంతట అవే అంటుకుంటాయి, విప్పి ఆరేసి నీళ్లలో తడిపి పారెయ్యి.

అల్వాల్‌లో నా షెడ్డులో రెండు వేప సగాలు మైనం పూసి ఉన్నాయి. ఒక్కొక్కదాని మీద తేదీ, బరువు పెన్సిలుతో రాశాను, నెలకోసారి తూచి కింద కొత్త అంకె వేస్తున్నాను. వరుసగా రెండు నెలలు అంకె మారకపోతే చెక్కడానికి సిద్ధమైనట్టు. వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదికి వస్తే, తూకం నీవే వెయ్యి, తర్వాత నా పాత స్పిండిల్ గౌజ్‌కు సాన పట్టి చూద్దువుగాని. గుర్తుంచుకుని చున్నీ లేకుండా రా.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న