టీవీ రిపేరుకు 28, కొత్తదానికి 100: ఏది చవక?

ప్రశ్న: మా 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ కొని ఆరేళ్లు దాటింది. వారం కిందట ఉన్నట్టుండి బొమ్మ పోయింది, సౌండ్ మాత్రం వస్తోంది. చూసిన మెకానిక్ తెర వెనక వెలిగే బ్యాక్‌లైట్ పోయిందన్నారు. రిపేరుకు ఇప్పుడు అదే సైజు కొత్త టీవీ ధరలో దాదాపు 28 శాతం ఖర్చవుతుందట. ఆరేళ్ల టీవీకి అంత పెట్టడం దండగని, 55 అంగుళాలది వడ్డీ లేని వాయిదాల్లో తీసుకుందామని ఇంట్లో అంటున్నారు. ఇదే సైజు కొత్త టీవీకి సరిపడా డబ్బు చేతిలో ఉంది. కానీ క్రెడిట్ కార్డు మీద కూడా దాదాపు అంతే బాకీ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: రిపేరే చేయించండి. అయితే డబ్బు ఇచ్చే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. పోయింది నిజంగా బ్యాక్‌లైటేనా? చేసిన పనికి ఎన్ని నెలలు వారంటీ ఇస్తారు? ఈ రెండింట్లో ఏది తేడా వచ్చినా నా జవాబు మారిపోతుంది.

‘రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొనాలి’ అనే సూత్రం మీరూ వినే ఉంటారు. గుర్తుపెట్టుకోవడానికి తేలికే కానీ అందులో కాలం లెక్క లేదు. ఏడాది వాడిన టీవీకి 45 శాతం పెట్టడం, తొమ్మిదేళ్లు వాడినదానికి 45 శాతం పెట్టడం ఎలా ఒకటవుతాయి? ఈ డబ్బు పెడితే ఇంకా ఎన్ని నెలలు టీవీ చూడగలం అన్నదే అసలు ప్రశ్న.

మీ లెక్కే వేద్దాం. కొత్త 43 అంగుళాల టీవీ ధర 100 అనుకోండి. గోడకు బిగించే స్టాండు, బిగింపు కూలి, రవాణా కలిపి ఇంకో 6. పాత టీవీని పాడైన స్థితిలోనే ఎక్స్ఛేంజికి ఇస్తే 4 తగ్గిస్తారనుకుందాం. మొత్తం 102. అది ఎనిమిదేళ్లు నడిస్తే ఏడాదికి 12.75 పడుతుంది. ఇటు రిపేరు 28. దాన్ని 12.75తో భాగిస్తే 2.2 ఏళ్లు, అంటే సుమారు 26 నెలలు. రిపేరు చేయించాక టీవీ 26 నెలలకు మించి పనిచేస్తే మీకు లాభం. అంతకన్నా ముందే ఆగిపోతే కొత్తది కొని ఉండాల్సిందన్నమాట. మూడేళ్లు నడిచిందంటే ఏడాదికి 9.3 మాత్రమే పడుతుంది.

ఈ లెక్కలో ఆరేళ్ల కిందట టీవీకి ఎంత పోశారన్నది ఎక్కడా రాలేదు. రాకూడదు కూడా. ఆ డబ్బు అప్పుడే ఖర్చైపోయింది, ఇప్పుడు ఏ నిర్ణయం తీసుకున్నా అది వెనక్కి రాదు. ఇంకొకటి, 43ని 43తోనే పోల్చాలి. 55 అంగుళాలది కావాలనుకోవడంలో తప్పేమీ లేదు, కానీ అది వేరే కోరిక. దానికయ్యే అదనపు డబ్బును పాడైన టీవీ ఖాతాలో వేస్తే రిపేరు, కొత్తది అనే పోలికే చెడిపోతుంది.

ఇక ఆ 26 నెలలు వస్తాయా రావా అన్నది ఏం పోయిందన్నదాన్ని బట్టి ఉంటుంది. దీన్ని మీరే ఇంట్లో చూసుకోవచ్చు. రాత్రిపూట గదిలో లైట్లన్నీ ఆర్పి టీవీ ఆన్ చేయండి. ఫోన్ టార్చి వెలిగించి తెరకు రెండు మూడు అంగుళాల దూరంలో ఏటవాలుగా పట్టి, నెమ్మదిగా అటూ ఇటూ జరుపుతూ చూడండి. మసకమసకగా మనుషులో, మెనూ అక్షరాలో కనిపిస్తే ప్యానెల్, అంటే బొమ్మను చూపే తెర, బాగానే ఉన్నట్టు. దాని వెనక వెలగాల్సిన ఎల్‌ఈడీలో, వాటికి కరెంటు ఇచ్చే డ్రైవర్ భాగమో పోయినట్టు. ఆన్ చేయగానే ఒకటి రెండు సెకన్లు బొమ్మ మెరిసి వెంటనే చీకటైపోవడం కూడా బ్యాక్‌లైట్ లోపాన్నే సూచిస్తుంది. టార్చి వెలుగులోనూ ఏమీ కనబడకపోతే మాత్రం ‘బ్యాక్‌లైట్’ అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి. లోపం తెరకు బొమ్మ సంకేతాలు పంపే టీ-కాన్ బోర్డులోనో, టీవీని నడిపే మెయిన్ బోర్డులోనో, చివరికి ప్యానెల్లోనో ఉండొచ్చు. వాటి ఖర్చుల మధ్య చాలా తేడా ఉంటుంది.

బ్యాక్‌లైటే అని తేలిందనుకోండి. ఎల్‌ఈడీలు సన్నటి పట్టీల మీద వరసగా ఉంటాయి. చాలా టీవీల్లో వాటిని సిరీస్‌లో, అంటే ఒకే గొలుసులా, కలుపుతారు. అందుకే ఒక్కటి కాలిపోయినా ఆ వరసంతా ఆరిపోతుంది, లోపం గమనించిన డ్రైవర్ మిగతావాటిని కూడా ఆపేస్తుంది. కాలిపోయిన ఒక్కదాన్ని మార్చి, లేదా ఆ ఒక్క చోట వైరుతో కలిపేసి టీవీ వెలిగించవచ్చు. తక్కువలో అయిపోతుంది. కానీ మిగిలిన ఎల్‌ఈడీలన్నీ అన్నే గంటలు, అదే వేడిలో పనిచేశాయి కదా. కొన్ని నెలలకే ఇంకోటి పోవచ్చు, మళ్లీ కూలి, మళ్లీ తిప్పలు. కాబట్టి 28 అన్నది మొత్తం పట్టీల సెట్టుకా, ఒక్క ఎల్‌ఈడీకా అని అడగండి. మొత్తం సెట్టు మీ టీవీ మోడల్‌కు సరిపోయేది వేస్తే 26 నెలలు దాటుతుందని ఆశించడం సబబే. ఒక్క ఎల్‌ఈడీ మార్చడానికే 28 అంటే వద్దనండి.

చాలామంది అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. పట్టీలు మార్చాలంటే ముందు ప్యానెల్ గాజును ఎత్తి పక్కన పెట్టాలి. అది చాలా పలచన, అంచుల్లో అంతకన్నా సున్నితమైన రిబ్బన్లు అతికించి ఉంటాయి. ఎత్తేటప్పుడు గాజు చిట్లినా, రిబ్బన్ చిరిగినా ఇక ఆ టీవీ పనికిరాదు. తెర పెద్దదయ్యే కొద్దీ ఈ ప్రమాదం ఎక్కువ. పనిలో ప్యానెల్ దెబ్బతింటే ఎవరు భరిస్తారో ముందే మాట్లాడుకుని కొటేషన్ మీద రాయించుకోండి. విప్పక ముందే ప్యానెల్‌ను ఫొటో తీసుకోండి. ఆ బాధ్యత తీసుకోనంటే పనివాడు చెడ్డవాడని కాదు, ఆ నష్టభయం మీ నెత్తిన పడుతోందని అర్థం. దాన్ని ధరలో తగ్గించమని అడగండి.

వారంటీ కూడా డబ్బే. రిపేరైన టీవీలు నాలుగింటిలో ఒకటి త్వరలోనే మళ్లీ పోతుందని జాగ్రత్తగా అనుకుందాం. ఇది నేను లెక్క కోసం తీసుకున్న అంచనా. అప్పుడు మీకు దక్కేది మూడేళ్లు కాదు, సగటున 2.25 ఏళ్లు. ఏడాదికి 12.4. కొత్తదాని 12.75కు ఇది దగ్గరికి వచ్చేసింది చూశారా? అందుకే మూడు నెలల వారంటీని ఆరు నెలలు చేయించుకోవడానికో, 28ని 24కు దించడానికో గట్టిగా అడగండి. 24 అయితే 23 నెలలు నడిచినా చాలు. వారంటీ విడిభాగానికీ కూలికీ రెండింటికీ వర్తించాలి. ‘పార్టుకు మాత్రమే’ అంటే రెండోసారి విప్పే కూలి మీదే. బిల్లు మీద టీవీ మోడల్ నంబరు, వేసిన పట్టీల వివరం, తేదీ ఉండాలి. తీసేసిన పాత పట్టీలు మీకు ఇవ్వమనండి. రిపేరు వద్దనుకుంటే విజిటింగ్ ఛార్జీ ఎంతో, చేయిస్తే అది బిల్లులో తగ్గిస్తారో లేదో కూడా మొదటి ఫోన్‌లోనే అడగాలి.

బాగయ్యాక మీరు చేయాల్సింది ఒకటుంది, దానికి ఖర్చేమీ లేదు. సెట్టింగ్స్‌లో బ్యాక్‌లైట్‌ను గరిష్ఠంలో 60–70 శాతానికి తగ్గించండి. ‘వివిడ్’ వంటి మోడ్‌లలో అది సాధారణంగా గరిష్ఠంలో ఉంటుంది. ఎక్కువ కరెంటు, ఎక్కువ వేడి, ఎల్‌ఈడీలకు తక్కువ ఆయుష్షు. కొన్ని టీవీల్లో ‘బ్రైట్‌నెస్’ అన్నది నలుపు గాఢతను మారుస్తుంది కాబట్టి బ్యాక్‌లైట్ పేరుతో ఉన్నదాన్నే తగ్గించాలి.

మీ మెకానిక్ చెప్పింది తప్పై వేరే లోపం బయటపడితే ఇలా అనుకోండి. టీవీ అసలు ఆన్ కాక, పవర్ బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి ఉంటే అది సాధారణంగా చవకైన, నిలిచే రిపేరు. లోగో దగ్గరే ఆగిపోతే ముందు ఫ్యాక్టరీ రీసెట్, ఆ తర్వాత యూఎస్‌బీ ద్వారా సాఫ్ట్‌వేర్ ఎక్కించి చూడాలి, బోర్డు మార్చడం చివరి మాట. నిలువు గీతలు, సగం తెర మసకబారడం వంటివి టీ-కాన్ వల్లయితే తేలికగానే పోతాయి, ప్యానెల్ అంచు రిబ్బన్ల వల్లయితే బాగు చేసినా ఎక్కువ కాలం నిలవకపోవచ్చు. ప్యానెల్ పగిలితే మాత్రం ఆలోచించకండి. టీవీ ధరలో పెద్ద వాటా ప్యానెల్‌దే, వారంటీయో బీమాయో భరిస్తే తప్ప మార్పించడం నష్టం. యాప్‌లు నెమ్మదించాయని టీవీ మార్చేవాళ్లూ ఉన్నారు. హెచ్‌డీఎంఐలో పెట్టే చిన్న స్టిక్‌తో తీరే సమస్య అది.

ఏదైనా సరే, వెనక మూత మాత్రం మీరు విప్పకండి. ప్లగ్ తీసేసినా పవర్ బోర్డులోని పెద్ద కెపాసిటర్ కొంతసేపు ప్రమాదకరమైన వోల్టేజీని పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచనలో పడేసిన మాట, కార్డు బాకీ. మీ కార్డు వడ్డీ నెలకు 3 శాతం అనుకుందాం. చేతిలో ఉన్న 100లో 28 రిపేరుకు పోగా 72 మిగులుతుంది. అది కార్డుకు కట్టేస్తే నెలకు 2.16 వడ్డీ ఆగుతుంది. ఏడాదికి దాదాపు 26. అంటే రిపేరు ఖర్చులో దాదాపు అంతా ఏడాదిలో ఆదా అయిన వడ్డీతోనే తిరిగి వచ్చేస్తుంది. బాకీ లేని ఇంట్లో రిపేరుకూ కొత్తదానికీ పోటీ దగ్గరగా ఉంటుంది, మీ ఇంట్లో లేదు.

‘వడ్డీ లేని’ వాయిదాల సంగతీ చూద్దాం. ఒకేసారి కడితే ఆ టీవీ ఎంతకిస్తారో అడగండి. 100 ధర మీద నగదుకు 8 తగ్గిస్తామన్నారనుకోండి. 12 వాయిదాల్లో 100 కట్టడమంటే 92 అప్పు తీసుకున్నట్టు. నెలకు సుమారు 1.3 శాతం, ఏడాదికి దాదాపు 16 శాతం వడ్డీ పడుతుంది. దీనిపైన ప్రాసెసింగ్ ఫీజు వేరే.

ఈ 16 శాతం, కార్డుకు ఏడాదికయ్యే 36 శాతం కన్నా తక్కువే కదా, చేతిలోని 100తో కార్డు మొత్తం తీర్చేసి టీవీని వాయిదాల్లో తీసుకుంటే పోలేదా అని మీకు అనిపించవచ్చు. నగదు పెట్టి కొనడం కన్నా అది నిజంగానే మెరుగు. అయినా రిపేరు ముందు నిలవదు. 72 కార్డుకు కట్టాక మిగిలే బాకీ 28. టీవీ వాయిదాకు ఇవ్వబోయే 8.33నే నెలనెలా కార్డుకు కడితే వడ్డీతో కలిపి నాలుగు నెలల్లో తీరిపోతుంది. మిగతా ఎనిమిది నెలలూ అదే డబ్బు పక్కన పెడితే ఏడాది చివరికి 66 దాకా చేతిలో ఉంటుంది. వాయిదాల దారిలో అదే ఏడాది చివరికి మీ దగ్గర కొత్త టీవీ ఉంటుంది, డబ్బు ఉండదు. పైగా 55 అంగుళాలది 100కు రాదు. ఆ వాయిదాలు అదే కార్డు మీద పడితే ఇంకో చిక్కు. పాత బాకీ పూర్తిగా తీరనంతవరకు కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు సాధారణంగా వర్తించదు.

కొత్త టీవీతో కరెంటు ఆదా అవుతుందన్న వాదనకు పెద్దగా బలం లేదు. 40 వాట్లు తేడా ఉండి, రోజుకు ఐదు గంటలు చూసినా ఏడాదికి మిగిలేది 73 యూనిట్లు. మీ ఊరి యూనిట్ ధరతో గుణించి చూసుకోండి. 55 అంగుళాలదైతే ఇప్పటికన్నా ఎక్కువే కాల్చవచ్చు.

రిపేరయ్యాక, కార్డు తీరాక, టీవీ పేరుతో నెలకు 1 చొప్పున విడిగా దాస్తూ రండి. ఇంట్లోవాళ్లకు 55 అంగుళాల మీద మనసుంటే 2 చేయండి. మూడేళ్లకు 72 అవుతుంది, అప్పటికి ఈ టీవీ ఆగిపోయినా కొత్తదానికి పెద్ద వాటా సిద్ధంగా ఉంటుంది. అప్పుడు పొడిగింపు వారంటీ అంటగట్టబోతే ఇలా చూడండి. దాని ధర 12, సాధారణ రిపేరు 25 అయితే, ఆ గడువులో టీవీ పాడయ్యే అవకాశం 48 శాతం దాటితేనే అది గిట్టుతుంది. ప్యానెల్‌కు వర్తిస్తుందా, కిందపడి పగిలితే ఇస్తారా అన్నవి చదవకుండా తీసుకోవద్దు.

ఈలోగా ఇదే టీవీ వారంటీ అయిపోయాక మళ్లీ పోతే, ఇప్పుడు పెట్టిన 28ని మరిచిపోయి కొత్త కొటేషన్‌ను మళ్లీ 12.75తో భాగించండి. అప్పటికి టీవీ వయసు పెరిగి ఉంటుంది కాబట్టి వచ్చే నెలల అంచనా తగ్గించుకోవాలి, అప్పుడు జవాబు కొత్తదే కావచ్చు. పాతదాన్ని ఇచ్చేసే ముందు అందులోని ఖాతాలన్నిటి నుంచీ లాగౌట్ అవండి. తెర వెలగకపోతే ఫోన్‌లో ఆయా ఖాతాల సెట్టింగ్స్‌కు వెళ్లి పరికరాల జాబితా నుంచి ఆ టీవీని తొలగించవచ్చు.