ఏంజీని పెంచిందెవరు?

రంగస్థలం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే నాటకం గురించి ఉన్నందువల్ల, ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాకు ఎం.ఏ. ఆంగ్లంలో కారిల్ చర్చిల్ రాసిన ‘టాప్ గర్ల్స్’ నాటకం పాఠ్యాంశంగా ఉంది. అందులో మార్లీన్ పదిహేడేళ్ల వయసులో కన్న బిడ్డను అక్క జాయిస్‌కు అప్పగించి, లండన్ వెళ్లి పెద్ద ఉద్యోగంలో స్థిరపడుతుంది. తానే తల్లినని ఆ బిడ్డ ఏంజీకి ఎన్నడూ చెప్పదు. ఉద్యోగం కోసం బిడ్డను వదిలిన స్త్రీని ఈ నాటకం తప్పు పడుతోందని మా తరగతిలో కొందరు, ఆమె స్వేచ్ఛను సమర్థిస్తోందని మరికొందరు వాదించారు. తప్పు పడుతున్నదే నిజమైతే దీనిని స్త్రీవాద నాటకమని ఎలా అనగలం? (ఒక విద్యార్థిని, కడప)

జవాబు: మీ తరగతిలోని రెండు పక్షాలూ అడుగుతున్నది ఒకే ప్రశ్న: మార్లీన్ మంచి తల్లా, చెడ్డ తల్లా? చర్చిల్ పట్టుకున్న విషయం వేరు. ఏంజీ పుట్టిన నాటి నుంచి ఆ పిల్లకు పాలు పట్టింది, జ్వరం వస్తే మేలుకుని కూర్చున్నది, బడికి పంపింది ఎవరు, ఆ చాకిరీ వల్ల వాళ్లు పోగొట్టుకున్నదేమిటి, దాని వల్ల ఎదిగినది ఎవరు అన్న వాటికి ఆమె సమాధానం వెతికారు. తల్లితనాన్ని ఎవరో ఒకరు రోజూ చేసి తీరవలసిన పనిగా చూపించడంలోనే ఈ నాటకం బలమంతా ఉందని నేను నమ్ముతున్నాను.

1982 ఆగస్టు 28న లండన్‌లోని రాయల్ కోర్ట్ థియేటర్‌లో మాక్స్ స్టాఫర్డ్ క్లార్క్ దర్శకత్వంలో ఇది తొలిసారి ప్రదర్శితమైంది. మొదటి దృశ్యం ఒక విందు. ఉద్యోగాలు ఇప్పించే సంస్థలో మేనేజింగ్ డైరెక్టర్‌గా పదోన్నతి పొందిన సందర్భంగా మార్లీన్ ఇచ్చే ఆ విందుకు చరిత్రలో నుంచి, కథల్లో నుంచి, చిత్రపటంలో నుంచి ఐదుగురు స్త్రీలు వస్తారు. పైకి చూస్తే ఇది గెలిచిన స్త్రీల సంబరం. కానీ వాళ్లు చెప్పుకునే కథల్లో ఎన్నింటిలో బిడ్డలు పోయారో గమనించండి. 13వ శతాబ్దపు జపాన్‌లో చక్రవర్తి అంతఃపురంలో ఉండి, తర్వాత బౌద్ధ సన్యాసినిగా కాలినడకన దేశం తిరిగిన నిజో, తాను కన్న ఆడబిడ్డను పుట్టగానే ఇచ్చివేయవలసి వచ్చింది; మరొక బిడ్డ పుట్టేనాటికి తనకు ఏమీ అనిపించలేదని ఆమె నోటితోనే వింటాం. మగవేషంలో పోపు పదవి దాకా ఎదిగిందని చెప్పుకునే జోన్, ఊరేగింపు సాగుతుండగా నడివీధిలో ప్రసవించి, ఆడదని బయటపడి, రాళ్ల దెబ్బలకు ప్రాణం విడిచింది. ఆంగ్ల కవి చాసర్ కథలోని గ్రిసెల్డా విధేయతను పరీక్షించడానికి భర్త బిడ్డలిద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని తీసుకుపోతే, ఆమె కాదనలేదు. చిత్రకారుడు బ్రూగెల్ గీసిన పటంలో నుంచి నడిచివచ్చిన గ్రెట్‌కు పదిమంది సంతానం. ఆమె పసిబిడ్డను ఒక సైనికుడు కత్తితో పొడిచి చంపాడు. యాత్రికురాలు ఇసబెల్లా బర్డ్ ఒక్కతే బిడ్డలు లేనిది.

ఈ కథలన్నీ వినిపించే తీరు మరీ ముఖ్యం. చర్చిల్ సంభాషణలలో ఒకరి మాట పూర్తికాకముందే మరొకరు అందుకుంటారు; ఎక్కడ అందుకోవాలో అచ్చు ప్రతిలో ఏటవాలు గీతతో గుర్తు పెట్టారు. అందువల్ల ఒక స్త్రీ బిడ్డను గురించి చెబుతుండగానే మరొకరి ప్రయాణమో, పట్టుబట్టలో, తెప్పించుకోవలసిన వంటకమో దాని మీద వచ్చి పడుతుంది. ఒక్కొక్కరిదీ గుండె పగిలే కథే అయినా, పక్కనున్న వాళ్లు దానిని పూర్తిగా వినరు. స్త్రీలందరూ ఒక బల్ల చుట్టూ కూర్చున్నంత మాత్రాన ఒకరి కష్టం ఒకరికి అర్థమైపోదని చెప్పడానికి నాటకకర్త ఉపన్యాసం రాయలేదు, ఆ పనిని సంభాషణ అమరికకు అప్పగించారు. ఇంత జరుగుతున్నా ఒక్క మాటయినా పలకకుండా వడ్డిస్తూ తిరిగే పరిచారిక కూడా ఆ దృశ్యంలో ఉందని మరచిపోకండి.

ఇక చివరి దృశ్యం జాయిస్ ఇంటి వంటగది. నాటకంలో ఇది ఆఖరున వస్తుంది గానీ, కథలో మిగిలిన సంఘటనలకంటే ఒక ఏడాది ముందు జరిగినది. పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు లేని జాయిస్ చెల్లెలి బిడ్డను తీసుకుంది. ఆ బిడ్డకు ఆరు నెలలప్పుడు తానూ గర్భవతి అయింది. పసిదాన్ని సాకే అలసటతోనే ఆ గర్భం పోయిందని, ఇన్నేళ్ల తర్వాత, చెల్లెలి ముఖం మీదే అంటుంది. ఇప్పుడు భర్త విడిచిపోయాడు. నాలుగు చోట్ల శుభ్రం చేసే పనులకు వెళ్లి ఇల్లు నడుపుతోంది. వృద్ధాశ్రమంలో ఉన్న తల్లిని వారం వారం చూసి వచ్చేది కూడా ఆమే. మార్లీన్ ఇవ్వబోయిన డబ్బును తీసుకోదు. ఈ సంభాషణలో ‘అమ్మ ప్రేమ’ వంటి మాటలు ఎక్కడా రావు, అక్కడున్నది ఎవరెంత పని చేశారన్న తగాదా. అది విన్నాక ఏంజీకి తల్లి ఎవరో నాకు సందేహం మిగలలేదు. జాయిస్ ప్రేమగా మాట్లాడదు, పిల్లను కసురుతుంది, దాని భవిష్యత్తు మీద ఆశ కూడా పెట్టుకోదు. అయినా పెంచింది ఆమే. పెంపకాన్ని త్యాగమూర్తి విగ్రహంగా మలచకుండా చూపించిన ఇటువంటి పాత్రలు ఏ భాషా రంగస్థలం మీదైనా అరుదు.

మీరు కడపలో ఉన్నారు గనుక ఈ ఏర్పాటు మీకు పరాయిది కాకూడదు. రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా ఎందరో స్త్రీలు ఇంటి పనికి కువైట్ వెళుతున్నారు. అక్కడ ఇతరుల పిల్లలకు అన్నం కలిపి పెట్టే ఆ తల్లుల బిడ్డలు ఇక్కడ అమ్మమ్మ దగ్గరో, పెద్దమ్మ దగ్గరో పెరుగుతున్నారు. మార్లీన్‌కూ వీళ్లకూ మధ్య పెద్ద తేడా ఉంది: ఆమె పోయింది పైకి ఎదగడానికి, వీళ్లు పోయింది అప్పు తీర్చడానికి. కానీ ఇంటి దగ్గర మిగిలిన పెద్దమ్మ చాకిరీ మాత్రం అచ్చంగా జాయిస్ చాకిరీయే. కువైట్ నుంచి వచ్చే డబ్బును బంధువులందరూ లెక్క పెడతారు. ఆ పిల్లల వెనుక గడిచిన ఆమె యవ్వనాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. మీ తరగతిలో ఈ ఉదాహరణ పెట్టి మళ్లీ చర్చించి చూడండి, మార్లీన్ ఒక్కతెను బోనులో నిలబెట్టడం ఎంత తేలికైన పనో తెలుస్తుంది.

స్త్రీవాద నాటకం ఎలా అవుతుందన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. 1979లో మార్గరెట్ థాచర్ బ్రిటన్‌కు తొలి మహిళా ప్రధాని అయ్యారు. వంటగదిలో అక్కచెల్లెళ్లు ఆమె గురించే తీవ్రంగా పోట్లాడుకుంటారు: మార్లీన్‌కు ఆమె ఆదర్శం, జాయిస్‌కు ఆమె తన వంటి వాళ్ల బతుకు మీద దెబ్బ. ఒక స్త్రీ మెట్లెక్కితే అది స్త్రీలందరి గెలుపు అవుతుందా, లేక కింద మిగిలిన ఇంకొక స్త్రీ భుజాల మీద ఆ మెట్లు నిలబడి ఉన్నాయా అని అడగడం స్త్రీవాదానికి వ్యతిరేకం ఎంతమాత్రమూ కాదు. స్త్రీవాదం తనను తాను వేసుకోవలసిన కఠినమైన ప్రశ్న అది. చర్చిల్ స్వయంగా ముగ్గురు బిడ్డల తల్లి. వాళ్లు చిన్నవాళ్లుగా ఉన్న కాలంలో రేడియో నాటకాలు రాస్తూ వచ్చారు. బిడ్డల పెంపకానికీ బయటి పనికీ మధ్య నలిగే కాలం సంగతి ఆమెకు పుస్తకాల ద్వారా తెలిసినది కాదు.

ప్రశ్న: ఈ నాటకంలో ఒక్క మగ పాత్ర కూడా లేదు. ఏంజీ తండ్రి గురించి ఎవరూ పట్టించుకోరు. తల్లి బాధ్యతను ఇంత నిశితంగా విచారించిన రచయిత్రి తండ్రిని వదిలివేయడం లోపం కాదా? (ఒక ఉపాధ్యాయుడు, కర్నూలు)

జవాబు: పాత్రలుగా లేరు, నిజమే. కానీ గ్రిసెల్డా బిడ్డలను తీసుకుపొమ్మన్నది భర్త. మార్లీన్‌కు దక్కిన పదవి ఆమె సహోద్యోగికి రాలేదని, దానిని వదులుకొమ్మని ఆఫీసుకు వచ్చి బతిమాలేది అతడి భార్య. అతడు మాత్రం రాడు. జాయిస్ భర్త వెళ్లిపోయాడన్న కబురే తప్ప మనిషి కనిపించడు. వాళ్ల నిర్ణయాల ఫలితం వేదిక మీద ఉంది, జవాబు చెప్పవలసిన వాళ్లు లేరు. ఎన్నో ఇళ్లలో వాస్తవం ఇదే గనుక నేను దీనిని లోపంగా భావించను.

ప్రశ్న: అనంతపురంలో మా నాటక సమాజం ఈ నాటకాన్ని తెలుగులో, పరిషత్తు పోటీలకు అనువుగా కుదించి వేయాలనుకుంటోంది. చివరి దృశ్యంలో మార్లీన్ ఏంజీని గుండెలకు హత్తుకుని నిజం చెప్పేసినట్లు మారిస్తే మన ప్రేక్షకుల మనసు కరుగుతుందని మా వాళ్ల అభిప్రాయం. మీరేమంటారు? (ఒక దర్శకుడు, అనంతపురం)

జవాబు: ముందుగా ఒక వ్యవహారం: రచయిత్రి జీవించి ఉన్నారు, నాటకం మీద హక్కులు ఉన్నాయి. అనువదించడానికి, ప్రదర్శించడానికి, కుదించడానికి కూడా రాతపూర్వకమైన అనుమతి తీసుకోవాలి.

ముగింపు మార్చవద్దని గట్టిగా కోరుతున్నాను. ఇటువంటి ప్రయత్నం నాటకరంగంలో ఇంతకు ముందు జరిగింది. నార్వే నాటకకర్త ఇబ్సెన్ రాసిన ‘బొమ్మరిల్లు’ 1879లో వచ్చింది. నోరా భర్తనూ ముగ్గురు పిల్లలనూ విడిచి వెళ్లిపోతుంది. 1880లో జర్మనీలో ఆ పాత్ర వేయవలసిన నటి హెడ్విగ్ నీమన్ రాబె, తానైతే పిల్లలను విడిచిపోనని పట్టుబట్టింది. ఇతరులెవరో పాడు చేయడంకంటే తానే మార్చడం మేలని ఇబ్సెన్ వేరే ముగింపు రాసి ఇచ్చాడు. అందులో భర్త నోరాను పిల్లల గది వాకిట్లోకి తీసుకెళ్లగా ఆమె కుప్పకూలి ఆగిపోతుంది. ఆ మార్పు నాటకం మీద జరిగిన అనాగరికమైన దౌర్జన్యమని ఇబ్సెనే అన్నాడు. కాలానికి నిలిచింది అసలు ముగింపే. అదే నాటకంలో ఆన్-మరీ అనే దాదిని గమనించారా? నోరాను పెంచడానికి ఆమె తన కూతురిని పరాయివాళ్లకు ఇచ్చి వచ్చింది. నోరా వెళ్లిపోయాక ఆ పిల్లల భారం కూడా ఆమె మీదే పడుతుంది. చర్చిల్‌కు నూరేళ్ల ముందే జాయిస్ రంగస్థలం మీద ఉంది, ఆమె వైపు చూసిన వాళ్లే తక్కువ.

మీ ప్రేక్షకుల మీద మీకున్న నమ్మకం కూడా పెంచుకోవాలని నా మనవి. సీమ పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం వేస్తే కాటి సీను కోసం జనం తెల్లవారేదాకా కూర్చుంటారు, లోహితాస్యుడి శవం మీద పడి చంద్రమతి ఏడుస్తుంటే తామూ ఏడుస్తారు. ఆ కన్నీళ్లను నేను గౌరవిస్తాను. కానీ చంద్రమతి కొడుకు పాము కాటుకు గురైనప్పుడు ఆమె పక్కన ఎందుకు లేదు? అమ్ముడుపోయి ఇంకొకరి ఇంట దాసీగా చాకిరీ చేస్తున్నది గనుక. పనికీ బిడ్డకూ మధ్య చిక్కుకున్న తల్లి కథ మన ప్రేక్షకులకు తరతరాలుగా తెలుసు. ‘టాప్ గర్ల్స్’ చివర రాత్రివేళ లేచివచ్చి ‘అమ్మా’ అని పిలిచిన ఏంజీతో మార్లీన్, అమ్మ పడుకుంది, నేను పిన్నినని చెబుతుంది. భయంగా ఉందని ఒక్క మాట అంటుంది ఆ పిల్ల. ఈ పిల్ల ఇక పైకి రాదని మార్లీన్ తేల్చేసిన ఆఫీసు దృశ్యాన్ని ప్రేక్షకులు అప్పటికే చూసి ఉంటారు. మీరు కౌగిలింత పెడితే ఆ రెండు దృశ్యాల మధ్య రచయిత్రి కట్టిన ముడి ఊడిపోతుంది, నాటకం ఒక తల్లి పశ్చాత్తాపంగా కుంచించుకుపోతుంది. మనసు కరిగే కథే కావాలనుకుంటే కువైట్ నుంచి తిరిగివచ్చిన తల్లినీ, ఆమె బిడ్డను పెంచిన అక్కనూ తీసుకుని మీ సొంత నాటకం రాయండి. దాని ముగింపు మీ ఇష్టం.

అసలు నాటకమే వేస్తే, ఏడుగురు నటీమణులు కావాలి. తొలి ప్రదర్శనలో పదహారు పాత్రలనూ ఏడుగురే పోషించారు. ఆడపాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టిన బళ్ళారి రాఘవ 1880లో పుట్టింది మీ జిల్లా తాడిపత్రిలోనే. నటీమణులు దొరకరని పాత్రలు తగ్గించే ముందు ఆ సంగతి మీ సమాజంలో చర్చకు పెట్టండి. గ్రెట్‌నూ ఏంజీనీ ఒకే నటి చేత వేయించండి, తొలి ప్రదర్శనలో అలాగే చేశారు. బిడ్డలు పోయిన తల్లీ, తల్లి ఎవరో తెలియని బిడ్డా ఒకే శరీరంలో కనిపిస్తారు. సమయం చాలకపోతే విందులో ఇసబెల్లా ప్రయాణాల వర్ణన కుదించుకోవడానికి అనుమతి అడగండి. మాటలు లేవు కదా అని పరిచారికను మాత్రం తీసివేయకండి.