దానిమ్మ మొదట్లో సూది రంధ్రాలు

అన్నా, కళ్యాణదుర్గం దగ్గర మీ దానిమ్మ చెట్ల మొదళ్లలో గుండుసూది దూరేంత రంధ్రాలు, వాటి కింద మెత్తటి పొట్టు, పైన వాడిపోతున్న కొమ్మలు అన్నారు కదా. ఆకుల మీద ఎంత మందు కొట్టినా తగ్గదు. ఇది షాట్ హోల్ బోరర్, రెండు మిల్లీమీటర్ల పెంకు పురుగు.

ఇది చెక్కను తొలుస్తుంది గానీ తినదు. తల్లి పురుగు బూజును వెంట తెచ్చి సొరంగం గోడలకు అంటిస్తుంది. ఆ బూజే దానికీ పిల్లలకీ తిండి. మగవి ఎగరలేవు, పుట్టిన సొరంగంలోనే అక్కచెల్లెళ్లతో జతకడతాయి. బయటికి ఎగిరొచ్చి కొత్త చెట్టు పట్టేది ఆడవే. చూస్తే ముచ్చటైన సంసారమే, మన తోటలో కాకపోతే!

నీరసించిన చెట్టంటే దీనికి మరీ ఇష్టం. డ్రిప్పు దగ్గర నీళ్లు నిలవనీయకండి. చచ్చిన చెట్లను వేళ్లతో సహా పీకి కాల్చేయండి, గట్టు మీద మాత్రం కుప్ప వేయొద్దు. మిగతా మొదళ్లకు ఎర్రమట్టి, కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పూయండి. పురుగుమందు, మోతాదు మీ ఉద్యాన అధికారిని అడిగే వాడండి.

ముందు ఎండిన చెట్టు మొదలు ఒకటి అడ్డంగా కోసి చూడండి. చెక్కలో నల్లటి, గోధుమరంగు మరకలుంటే ఎండు తెగులు కూడా ఉండొచ్చు. ఫోటో పెట్టండి, చూసి చెప్తా.