1 జీబీ రాస్‌బెర్రీ పైలో డెస్క్‌టాప్ తేలిక చేయాలంటే

రాస్‌బెర్రీ పై 3లో (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు) డెస్క్‌టాప్, అంటే ఐకాన్లు, విండోలతో కనిపించే తెర, నత్తనడక నడుస్తోంది, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఎక్కువసేపు రావాలి, ఏ తేలికపాటి డెస్క్‌టాప్‌కి మారమంటారు అన్నారు కదండీ. నాదీ అదే బోర్డు, అదే 1 జీబీ ర్యామ్.

ఏదైనా మార్చే ముందు స్క్రీన్ కుడివైపు పైమూల చూడండి. మెరుపు గుర్తు వచ్చిపోతోందా? నేను దాన్ని పట్టించుకోకుండా వారం రోజులు డెస్క్‌టాప్‌ని తిట్టుకుంటూ థీములు, ప్యానెళ్లు పీకేశాను. తీరా చూస్తే గొడవలో సగం వైరుది. పాత ఫోన్ చార్జరు, సన్నటి కేబుల్. వోల్టేజి దాదాపు 4.63 కన్నా దిగితే ఆ గుర్తు వస్తుంది, 1.2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ 600 మెగాహెర్ట్జ్‌కి పడిపోతుంది. 5 వోల్టుల 2.5 ఆంపియర్ల అడాప్టర్ పెట్టగానే సగం జబ్బు వదిలింది.

మిగతా సగం బ్రౌజరు. ఖాళీ డెస్క్‌టాప్ 200, 300 ఎంబీతో సరిపెట్టుకుంటుంది. క్రోమియంలో నాలుగు ట్యాబులు తెరిస్తే ర్యామ్ నిండి, స్వాప్ కోసం, అంటే ర్యామ్‌లో పట్టనిది దాచుకోడానికి, మెమరీ కార్డు మీద పడుతుంది. ఇక మౌస్ కూడా కదలదు. జెడ్‌ర్యామ్ పెట్టుకోండి, కార్డు మీదికి పోకుండా ర్యామ్‌లోనే కుదించి దాచుకుంటుంది. ప్రాసెసర్‌కి కాస్త పని పెరిగినా ఫర్వాలేదు. ఎల్‌ఎక్స్‌డీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ తీసేసి, విండోలను మాత్రమే చూసుకునే ఉత్త ఓపెన్‌బాక్స్ కూడా వాడి చూశాను, మిగిలింది కొన్ని పదుల ఎంబీలే. ఆ శ్రమకి తగ్గ ఫలితం కాదు.

అసలు రోజంతా డెస్క్‌టాప్ ఎందుకు చెప్పండి? నా పై ఎక్కువసేపు ఫైల్ సర్వరే. రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో బూట్‌ని కన్సోల్‌కి (అక్షరాలు మాత్రమే కనిపించే తెర) మార్చేశాను. కావాల్సినప్పుడు లాగిన్ అయి, డెస్క్‌టాప్‌ని తెరిచే స్టార్ట్‌ఎక్స్ కమాండ్ కొడతాను, పనయ్యాక లాగౌట్.

కరెంటు సంగతి మాత్రం వేరు. యూఎస్‌బీ మీటర్ మధ్యలో పెట్టి చూస్తే, ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు డెస్క్‌టాప్ ఉన్నా లేకున్నా తేడా అర వాట్ కూడా రాలేదు. అలా ఖాళీగా ఉన్నప్పుడు బోర్డు మొత్తం తాగేదే రెండు వాట్ల లోపు. పక్కనున్న నా పాత మానిటర్ 18 వాట్లు! అందుకే వాడనప్పుడు తెర దానంతటదే ఆరిపోయే స్క్రీన్ బ్లాంకింగ్ ఆన్ చేసి పెట్టాను. కరెంటు పోతే మానిటర్ స్విచ్ తీసేసి, ఫోన్‌లోంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా కమాండ్లు కొట్టే పద్ధతి) పని కానిచ్చేస్తాను.